నూకాలు చేతులు

అనగా అనగా, కొండలకి ఇంకా పేర్లు పెట్టని కాలం. ఆ కొండల కింద పారే ఒక గెడ్డ, గెడ్డ ఒడ్డున ఒక పల్లె. ఆ పల్లెలో నూకాలు అని ఒక మనిషి ఉండేది. పేరుకి తగ్గట్టు నూకలు కాచుకుని బతికిన మనిషి.

నూనె రాయడం ఆమె పని. పుట్టిన బిడ్డకి రాసేది, బాలింతకి రాసేది, మంచం దిగలేని ముసలివాళ్ళకి రాసేది. నువ్వుల నూనె గోరువెచ్చగా కాచి, దోసిట్లో పోసుకుని, నడినెత్తి దగ్గర మొదలుపెట్టి అరికాలి దాకా రుద్దేది. రుద్దుతూ మెల్లగా అనేది:

"తల నుంచి మెడకి, మెడ నుంచి కాలికి, కాలి నుంచి నేలకి. పోవే నొప్పీ, నీ దారిన పో."

ఆమెకి పైడమ్మ అని ఒక్కతే కూతురు. చిన్నతనంలో జ్వరం తగిలి ఆ పిల్ల కాళ్ళు చచ్చుబడిపోయాయి. ఈడొచ్చినా గోడ పట్టుకుని నిలబడలేదు. తండ్రి లేడు, తోడబుట్టినవాళ్ళు లేరు. నూకాలు రెండు చేతులే ఆ పిల్లకి దిక్కు. రోజూ ఎవరికీ రాయకముందు కూతురి కాళ్ళకి రాసేది. "ఇవాళ కాకపోతే రేపు నిలబడతావే" అనేది.

తన ఒంటిని కూడా అంతే శ్రద్ధగా చూసుకునేది. కాకి కంటే ముందు లేచేది. వేపపుల్ల నమిలేది. గెడ్డ దాకా నడిచి, మునిగి, సూర్యనారాయణమూర్తికి దండం పెట్టి, చోడి అంబలి తాగేది. పొద్దు వాలకముందే కూడు తినేసేది. ఎందుకింత నేమం అంటే నవ్వేది.

"ఇరుగింటి గిన్నె అరువు తెస్తే తోమి ఇస్తామా లేదా? ఈ ఒళ్ళూ అరువుదే. ఇచ్చినాయనకి తోమి ఇవ్వాలి గదా."

ఒక వేకువ కోడి కూత మొదలుపెట్టి సగంలో మింగేసింది. వాకిట్లో కుక్క మొరగలేదు, తోక ముడుచుకుని వెనక్కి నడిచింది. పెరటి గుమ్మంలో ఒక ముసలమ్మ నిలబడి ఉంది. చేతులు రెండూ కొంగు కింద దాచుకుంది. మంచు పడిన గడ్డి మీంచి వచ్చింది, గడ్డి మీద అడుగు పడలేదు.

"ఎవరు తల్లీ నువ్వు?"

"అందరిళ్ళకీ వస్తాను. ఎవరూ పిలవరు. నన్ను ముదిమి అంటారు."

ఎవరైనా సరే, గుమ్మంలోకి వచ్చినవాళ్ళని నిలబెట్టడం నూకాలుకి తెలీదు. పీట వేసింది. నూనె కాచింది. వీపు మీద చెయ్యి వేస్తే రాయిలా చల్లగా ఉంది. రాసినదల్లా రాసినట్టే ఇంకిపోతోంది.

"నీ ఒంట్లో ఇసకేమైనా ఉన్నాదేటమ్మా, పోసిందంతా లాగేస్తన్నావు!"

ముదిమి నవ్వలేదు. ఆమెతో అంతకుముందెవరూ పరాచికాలాడలేదు మరి. లేచి అంది: "వచ్చినదాన్ని ఉత్తినే వెళ్ళను. నీ జుట్టులో నలుపు ఇయ్యి."

"తీసుకో తల్లీ."

తెల్లారేసరికి నూకాలు తల ముగ్గుబుట్ట అయింది.

ఆ ఊరి మోతుబరి భార్య సూరాంబ అది చూసి పకపకా నవ్వింది. "ఏమే, నీ తల మీద వెన్నెల కాసిందా?"

"కాయనీయండమ్మా. మా ఇంట్లో దీపానికి చమురు కలిసొస్తాది."

కొన్నేళ్ళు గడిచాయి. మళ్ళీ ఒక వేకువ కోడి కూత మింగేసింది, కుక్క వెనక్కి నడిచింది. మళ్ళీ పీట వేసింది, మళ్ళీ నూనె రాసింది. ముదిమి ఈసారి పళ్ళు అడిగింది.

"తీసుకో తల్లీ. అంబలి తాగడానికి పళ్ళెందుకు?"

ముదిమి గుమ్మం దాటుతూ ఒక్క క్షణం ఆగింది. "మూడోసారి వచ్చినప్పుడు చేతులు అడుగుతాను" అని వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి నూకాలు అంబలి కుండ ముందు కూర్చున్నా ఒకటే ఆలోచన. చేతులు పోతే పైడమ్మకి కూడు ఎవరు పెడతారు? కాళ్ళు ఎవరు రుద్దుతారు?

ఆ రోజుల్లోనే సూరాంబ కబురు పెట్టింది. అద్దం ముందు కూర్చుని ఉంది. కణత దగ్గర ఒక తెల్ల వెంట్రుక.

"రుద్దవే. నా వయసు పోయేలా రుద్దు."

"నొప్పి తీస్తానమ్మా. వయసు తియ్యడం నా చేత కాదు. ముదిమి వస్తే పీట వెయ్యండి."

"దానికి పీట వెయ్యాలా! గుమ్మం తొక్కనివ్వను."

సూరాంబ ఆ వెంట్రుక పీకి పారేసింది. తలుపులన్నిటికీ రేగుకంప కొట్టించింది, కిటికీలు మూయించింది. గెడ్డకి నడక మానేసింది, ఎండ మొహం చూడడం మానేసింది. ముదిమి వచ్చింది. తలుపు చూసింది, కిటికీ చూసింది, నీళ్ళు పోయే తూములోంచి లోపలికి పాకింది. ఒక్కసారిగా ఒళ్ళంతా పట్టుకుంది. పనివాళ్ళు కంప తీసి చూసేసరికి సూరాంబ మంచంలో ఎండుకొమ్మలా పడి ఉంది. ముద్ద నోటిదాకా ఎత్తుకోలేదు. భుజాల మీద అయిదు వేళ్ళ నల్లటి మచ్చలు.

నూకాలు రోజూ వెళ్ళి ఆమెకీ నూనె రాసింది, తినిపించింది. ఆ మచ్చలు ఎంత రుద్దినా పోలేదు.

మూడోసారికి రోజులు దగ్గరపడ్డాయని నూకాలుకి తెలిసింది. భయం ఎవరి సొమ్ము? ఒక సాయంత్రం తనూ రేగుకంప తెచ్చి పెరటి గుమ్మానికి అడ్డం పెట్టింది. వేకువ కోడి కూత మింగేసినప్పుడు ఆ కంప వైపు చూసింది. సూరాంబ భుజాలు గుర్తొచ్చాయి. ముళ్ళు గుచ్చుకుంటున్నా చేతుల్తోనే లాగి అవతల పారేసింది. పీట వేసింది.

"తల్లీ, చేతులు తప్ప ఇంకేదైనా అడుగు. చూపు తీసుకో."

"చూపు నాకున్నాది. లేనివి చేతులే" అంది ముదిమి. కొంగు కిందనుంచి మొదటిసారి చేతులు బయటికి తీసింది. రేగుకంపలా ఉన్నాయి. వేలు వేలుకీ కొక్కెంలాంటి గోరు. "వీటితో ముట్టుకుంటే మనుషులు విరిగిపోతున్నారు. నూకాలూ, నాకు మెల్లగా ముట్టుకోవడం రాదు. నీ చేతులకి వచ్చు."

నూకాలు చాప మీదున్న కూతురి వైపు చూసింది. ఆఖరికి అంది: "ఇస్తాను. కానీ రోజూ వేకువనే వచ్చి మా గుంట పైడమ్మ కాళ్ళు రుద్దాలి."

"నేను ముట్టుకుంటే అది ముసలిదైపోతుంది. నా గుణమంతే."

నూకాలు చేతులు వెనక్కి లాక్కుంది. అప్పుడు చాప మీంచి పైడమ్మ అంది: "అవనీయే అమ్మా. కూలబడి పడుచుదానిలా ఉండి ఏటి చేస్తాను? నిలబడి ముసలిదాన్నవుతాను."

నూకాలు చేతులు చాపింది.

తెల్లారాక ఊరివాళ్ళు వచ్చి చూశారు. నూకాలు తూర్పు మొహం పెట్టి పీట మీద కూర్చునే ప్రాణం వదిలింది. మొహం నిద్రపోతున్నట్టుంది. ఒంటి మీద ఒక్క మచ్చ లేదు, తోమిన గిన్నెలా ఉంది. నీళ్ళు పోసిన ఆడవాళ్ళు ఆమె పిడికిళ్ళు విప్పి చూసి వెనక్కి తగ్గారు. అరచేతుల్లో గీతలు లేవు. ఒక్క గీత కూడా లేదు.

మర్నాడు వేకువ పైడమ్మ ఇంటి పెరటి తలుపు కిర్రుమంది. ఎవరూ కనపడలేదు. నువ్వుల నూనె వాసన వచ్చింది. మోకాళ్ళ మీద రెండు గోరువెచ్చని అరచేతులు ఆనాయి. కుడి బొటనవేలి మీద, ఎప్పుడో ప్రమిద తగిలి అమ్మకి కాలిన కాయ అలాగే గరుగ్గా తగిలింది.

"అమ్మా?" అంది పైడమ్మ.

జవాబు రాలేదు. చెవి పక్కన చల్లటి గొంతు, కొత్త పాఠం వల్లెవేసే పిల్లలా తడుముకుంటూ అంది: "తల నుంచి మెడకి... మెడ నుంచి కాలికి..."

"కాలి నుంచి నేలకి" అని అందించింది పైడమ్మ.

మూడు నెలలు తిరక్కుండా పైడమ్మ తల ముగ్గుబుట్ట అయింది. నాలుగో నెలలో గోడ పట్టుకుని లేచింది. ఆ తర్వాత గోడ వదిలి గెడ్డ దాకా నడిచింది. పడుచు వయసులో ముసలిదైన ఆ మనిషి అందరికంటే ఎక్కువకాలం బతికింది. పోయేనాటి వేకువ కూడా తన కాళ్ళతోనే వెళ్ళి గెడ్డలో మునిగి వచ్చింది.

అప్పటినుంచి ఆ పల్లెలో మొదటి తెల్ల వెంట్రుకని ఎవరూ పీకరు. పెరటి గుమ్మానికి కంప కొట్టరు. తెల్ల వెంట్రుక కనపడ్డ వారంలోనే తలంటు పోసుకుంటారు. పోసుకునే ముందు ఒక నూనె చుక్క పెరటి గడప మీద వేసి, దండం పెట్టి, "నూకాలు చేతులతో రా తల్లీ" అంటారు. ఎవరైనా మంచాన పడకుండా, నవ్వు మొహంతో ముసలివాళ్ళయితే "నూకాలు చెయ్యి తగిలింది" అంటారు.

స్నానం చేసి వచ్చి చూస్తే గడప మీద చుక్క ఉండదు. చీమ కూడా ఆ పక్కకి రాదు. చెక్క పీల్చుకుందంటారు పిల్లలు. పెద్దవాళ్ళు ఏమీ అనరు. కాళ్ళు చాపుకుని, మోకాళ్ళ మీది చీర కాస్త పైకి జరుపుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంటారు.