కోటిలింగం ఎంచిన పిస్తోలు

కోటిలింగానికి మూడు నెలలుగా ఒకటే బెంగ. ఏ పిస్తోలు కొనాలి?

నరసరావుపేటలో అతనికి కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. ఊళ్ళో సగం మందికి చూపు తన చలవేనని అతని నమ్మకం. అలాంటివాడు నలభై నాలుగో ఏట షూటింగ్ క్లబ్బులో చేరి, పది మీటర్ల దూరంలో కదలకుండా ఉన్న అట్ట మధ్యన కొట్టలేకపోతున్నాడంటే తప్పెవరిది? క్లబ్బువాళ్ళిచ్చిన పాత గాలి పిస్తోలుది. ఆ విషయంలో అతనికి రవ్వంత అనుమానం లేదు.

క్లబ్బంటే పాత పత్తిమిల్లు గోడౌను. దాన్ని నడిపేది రిటైర్డ్ సుబేదారు మస్తాన్ వలీ. అందరికీ ఉస్తాద్.

ఆదివారం గుంటూరులో కొత్తవాళ్ళకి పోటీలు. క్లబ్బు నుంచి ముగ్గురు వెళ్ళాలి. ఇద్దరి పేర్లు ఖాయమయ్యాయి, మూడోది ఇవాళ ఉస్తాద్ రాయాలి. కోటిలింగం ఆ శ్రమ ఆయనకెందుకని, "పోటీల నిమిత్తం ఆదివారం సెలవు" అని దుకాణానికి బోర్డు తగిలించేసి వచ్చాడు. ఇప్పుడు ఆ పేరు తనది కాకపోతే బజార్లో తలెత్తుకోవడం కష్టం.

"ఉస్తాద్, ఏది కొనమంటారో చెప్పండి. మంచి పిస్తోలు చేతిలో పడనివ్వండి, తర్వాత చూడండి నా సంగతి."

"నువ్వేది అనుకున్నావు?" అన్నాడు ఉస్తాద్.

పెద్దాయన చేసిన పొరపాటు అదొక్కటే. కోటిలింగం ఫోను తీసి మొదలుపెట్టాడు. ఏది ఎంత బరువు, ఏ గొట్టం ఎంత పొడుగు, ఏ దేశంవాళ్ళు పిడికి ఏ చెక్క వాడతారు, అన్నీ ముప్పావుగంట చెప్పాడు. వాటిలో ఒక్కదాన్నీ అతను పట్టుకుని ఎరగడు.

"బాగా చదివావయ్యా. ఇక పరీక్ష రాద్దువుగాని, రా."

ఉస్తాద్ బీరువా తెరిచి ఐదు రకాల పిస్తోళ్ళు బల్ల మీద వరసగా పెట్టాడు.

"పొద్దున ఐదింటినీ నేను కాల్చి చూశా. అన్నీ సరిగ్గానే కొడుతున్నాయి. ఒక్కోదానితో ఐదేసి కొట్టు. అట్టలు నేను తీసి దాస్తా, నువ్వు చూడొద్దు. ఎలా ఉందో నోటితో చెప్పు చాలు."

కోటిలింగం మొదటిదానితో ఐదు కొట్టాడు. "ట్రిగ్గర్ మొరాయిస్తోందండీ."

ఉస్తాద్ అట్ట వేలాడే తాడు లాగి, దాన్ని తీసి, బోర్లా పెట్టాడు.

రెండోది. "పిడి లావు. మనిషి చేతికి చేసింది కాదిది."

మూడోది. "ముందుకి తూగుతోంది."

నాలుగోది. "మరీ తేలిక. ఊపిరి పీల్చినా కదులుతోంది."

ఐదోది జర్మనీది. ఐదు గుండ్లూ కొట్టి, మెల్లగా కిందికి దించి, పసిపిల్లని దించినట్టు బల్ల మీద పెట్టాడు. కళ్ళు మెరుస్తున్నాయి.

"ఇదండీ! నా చేతి కోసమే పుట్టింది. ఐదూ మధ్యనే పడ్డాయి, కావాలంటే చూసుకోండి. రాసేయండి ఉస్తాద్, నా పేరూ, దీని పేరూ."

ఉస్తాద్ ఏమీ రాయలేదు. ఐదు అట్టలూ ఒకదాని మీద ఒకటి పెట్టి, అంచులు సరిచేసి, కిటికీ దగ్గర వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు.

"చూడు."

కోటిలింగం చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

ఐదు అట్టల గుండా ఒక్కటే వెలుగు. అర్ధరూపాయంత చిల్లు. మధ్యలో కాదు, కింద ఎడమ పక్కన, గడియారంలో ఏడు అంకె ఉండేచోట. మొరాయించిందీ అక్కడే కొట్టింది, లావుదీ అక్కడే కొట్టింది, జర్మనీదీ అక్కడే కొట్టింది.

ఇరవై ఫ్రేములు పెట్టుకు చూసి, ఒక్కటీ బాగాలేదని మూతి ముడుచుకుపోయే గిరాకీలని చూసి అతను రోజూ నవ్వుకునేవాడు, పెట్టుకున్న ముఖం ఒక్కటే కదా అని. ఇప్పుడు నవ్వు రాలేదు.

ఉస్తాద్ సొరుగులోంచి ఇంకో అట్ట తీశాడు. అంచులు నలిగి ఉన్నాయి. దాన్ని ఆ ఐదింటి వెనక పెట్టాడు.

వెలుగు ఆగలేదు.

"ఇదెవరిదండీ?" అన్నాడు కోటిలింగం.

"వెనక్కి తిప్పి చదువు."

పెన్సిలుతో రాసి ఉంది. అతని పేరు. మూడు నెలల కిందటి తేదీ. అతను మొదటిసారి గోడౌనులో అడుగుపెట్టిన రోజు.

కోటిలింగం గోడకి ఆనుకున్నాడు. మూడు నెలలు. రోజూ సాయంత్రం. ఆ పాత పిస్తోలుని ఎన్నిసార్లు తిట్టాడో లెక్కలేదు.

"నా పేరు రాయకండి ఉస్తాద్," అన్నాడు చివరికి. "దుకాణం బోర్డు నేను తీసేసుకుంటాను."

ఉస్తాద్ అట్టలు బల్ల మీద పెట్టి, పోటీల కాగితంలో ఖాళీగా ఉన్న మూడో గీత మీద తాపీగా పేరు రాశాడు. కోటిలింగం తలకిందులుగానే చదివాడు. తన పేరే. మళ్ళీ చదివాడు. అప్పటికీ తన పేరే.

"అదేమిటండీ!"

"రోజుకో తప్పు చేసేవాడికి నేనేమీ నేర్పలేనయ్యా," అన్నాడు ఉస్తాద్. "నీది ఒక్కటే."

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఇంకా మూడు రోజులుంది. గుండు లేకుండా ఆ తెల్లగోడ కేసి గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కుతూ నిలబడు, నేను చెప్పేదాకా. పిస్తోలు తీసుకో."

కోటిలింగం బల్ల దగ్గరికి వెళ్ళాడు. చెయ్యి చాపాడు, తీసుకున్నాడు, గోడ కేసి తిరిగాడు.

"ఏది తీశావు?"

"చూళ్ళేదండీ."