పట్టపగటి చుక్కలు

ఒకానొక కాలంలో, కొండల నడుమ, రాతిగట్టు అనే బుల్లి రాజ్యం ఉండేది. రాజ్యం బుల్లిదే గాని, దాన్ని ఏలే ఉద్దండ భూపతి బిరుదులు మాత్రం చాంతాడంత ఉండేవి. వందిమాగధులు అవన్నీ చదివి ముగించేసరికి కొలువులో సగం మందికి ఆవులింతలు వచ్చేవి.

ఆ కొలువులో ఓబన్న అని ఒక ఉద్యోగి ఉండేవాడు. ప్రజలు రాసి ఇచ్చిన విన్నపాలను రాజుగారికి చదివి వినిపించడం అతని పని. మంచివాడు, మాట చురుకు. అయితే ఒకటే చిక్కు. నలుగురు నాలుగు మాటలు చెబితే, నాలుగూ నిజమేనని అనిపించేది అతనికి.

ఆ ఏడు వైశాఖంలో, సరిగ్గా రాజుగారి పుట్టినరోజునాడు, ఉన్నట్టుండి నల్లమబ్బు కమ్మింది. నిమ్మకాయలంతేసి వడగళ్లు అరగంట సేపు కురిశాయి. పొట్లపాదుల ఆకులు జల్లెడలయ్యాయి. బావి గట్టున బోర్లించిన ఇత్తడి బిందెలు సొట్టలు పోయాయి.

రాజుగారి ముఖం చిన్నబోయింది. ఆస్థాన పండితుడు గౌరీపతి శాస్త్రిని పిలిచి, "శాస్త్రులవారూ, రాజు ధర్మం తప్పితేనే ఇలాంటి ఈతిబాధలు వస్తాయంటారే. నా పుట్టినరోజునాడే వడగళ్లు పడ్డాయి. జనం ఏమనుకుంటారు?" అన్నాడు.

"వడగళ్లా!" అని శాస్త్రి చెవులు మూసుకున్నాడు. "ఎంత మాట ప్రభూ! అవి ఏలినవారి జన్మదినాన దేవతలు చల్లిన ముత్యాలు."

"మరి కరిగిపోయాయే?"

"పామరుల చేతికి చిక్కకూడదని దేవతలు వెనక్కి తీసుకున్నారు."

రాజుగారికి ఆ మాట తేనెలా దిగింది. ఇకమీదట ఎవ్వరూ వడగళ్లు అనరాదు, ముత్యాలు అనవలెను అని ఊరంతా దండోరా వేయించాడు.

మూడు రోజులు తిరక్కుండా సాలె వీధి నుంచి విన్నపం వచ్చింది. ఓబన్న దాన్ని చేత్తో పట్టుకుని తికమకపడ్డాడు. ఉన్నది ఉన్నట్టు చదివితే దండోరా మీరినట్టవుతుంది. మార్చి చదివితే విన్నపం మారిపోతుంది. చివరికి గొంతు సవరించుకుని, "మా ఇళ్ల మీద ముత్యాలు పడి పెంకులు పగిలినవి. మృగశిర కార్తె దగ్గర పడుతున్నది. కొత్త పెంకులు ఇప్పించవలెను" అని చదివాడు.

కొలువులో ఎవరో కిసుక్కున నవ్వారు. రాజుగారు మండిపడ్డాడు. "ముత్యాలు పడితే పెంకులు పగులుతాయా? దేవతల ప్రసాదాన్నే నిందిస్తారా? శాస్త్రులవారూ, మీరు వెళ్లి కప్పులు పరీక్షించండి. ఓబన్నా, నువ్వు వెంట ఉండి రాసుకో. ఒక్క చిల్లి ఉన్నట్టు తేలినా ఊరందరికీ మా ఆవంలో కాల్చిన పెంకులు ఊరకే ఇప్పిస్తాను. తేలకపోతే సాలెవాళ్లు వీధి ఖాళీ చేసి పోవాలి!"

మర్నాడు శాస్త్రి పల్లకీలో బయలుదేరాడు. ప్రతి ఇంటి ముందూ పల్లకీ ఆగేది. శాస్త్రి తెర కొంచెం పక్కకు జరిపి పైకి చూసేవాడు.

"కప్పు ఉందా? ఉంది. కింద పడిందా? లేదు. రాయి ఓబన్నా, సుఖం."

ఓబన్న సుఖం అని రాసేవాడు. తనూ తలెత్తి చూసేవాడు. నిజమే, పెంకులు వరుసలు తప్పకుండా ఉన్నాయి. మరి విన్నపం అబద్ధమా? అంతలో పొరుగూరి మరమ్మతువాడొకడు ఎదురొచ్చి, "అయ్యా, ఈ వీధిలో ఒక్క పెంకూ పనికిరాదు, మొత్తం ఊడదీసి మళ్లీ కప్పాల్సిందే" అని బల్ల గుద్ది చెప్పాడు. అది విని ఓబన్న బుర్ర ఇంకా తిరిగింది. ఒకరేమో అంతా సుఖం అంటారు, ఇంకొకరేమో అంతా నాశనం అంటారు. కప్పు మాత్రం ఒక్కటే!

వీధి చివరి ఇల్లు సుంకులమ్మది. నడివయసు మనిషి, నేతలో చెయ్యి తిరిగింది. ఆమె గడపలో నిలబడి ఇదంతా చూస్తోంది.

"అక్కా, నీ కప్పుకు చిల్లి ఉందా లేదా? నాకు సరిగ్గా ఒక్క మాట చెప్పు" అన్నాడు ఓబన్న.

"వీధిలో నిలబడి కప్పును చూడడం, మొగం చూసి కడుపునొప్పి చెప్పడం లాంటిది. లోపలికి రా నాయనా" అంది సుంకులమ్మ.

లోపలికి వెళ్లగానే ఆమె తలుపులు మూసేసింది. కిటికీకి చాప అడ్డం పెట్టింది. ఇల్లు చీకటైంది. ఓబన్నకు మొదట ఏమీ తోచలేదు. కాసేపటికి మగ్గం మీద నిలువుగా పరిచిన పడుగు దారాల మీద నాలుగు గుండ్రటి వెలుగుబొట్లు కనిపించాయి. గోడ మీద ఒకటి, ఉట్టి మీద ఒకటి.

"అవేంటక్కా?"

"పైన చీలికలు. వెంట్రుకంత ఉంటాయి. పెంకు ఇంకా దాని చోటునే కూర్చుంది గనక వీధిలోంచి తెలియదు. మొదటి వానకు తడుస్తుంది, రెండో వానకు విడిపోతుంది."

ఆమె అటక మీదికెక్కి, వెదురు కర్రతో పెంకులను కింది నుంచి మెల్లగా తట్టింది. ఒకటి కంచులా ఖంగుమంది. పక్కది ఎండు కొబ్బరిచిప్పలా డొప్పుమంది. "వెలుగు రాకపోయినా, ఇలా డొప్పుమంటే అది చిట్లినట్టే. అలాంటి వాటికి సున్నం బొట్టు పెడుతున్నా. నా కప్పులో పదకొండు తేలాయి. మిగతావన్నీ లక్షణంగా ఉన్నాయి. ఆ మరమ్మతువాడు చూసిపెడతానని పైకెక్కి, తన కాళ్లతో ఇంకో మూడు విరగ్గొట్టబోతే కర్ర పుచ్చుకుని దింపేశాను."

ఓబన్న మగ్గం గుంట వంక చూశాడు. నేసేవాళ్లు కాళ్లు దించుకుని కూర్చునే గుంట అది.

"ఇందులో నీళ్లు నిండితే మగ్గం ఆగుతుంది. మగ్గం ఆగితే పొయ్యి ఆగుతుంది. నేను గుడ్డ కోసం కాదు నాయనా, గుంట కోసం భయపడుతున్నా" అంది సుంకులమ్మ.

సాయంత్రం కొలువులో శాస్త్రి నివేదిక చదివాడు. "నూట నలభై ఇళ్లు. నూట నలభై సుఖాలు."

"ఓబన్నా, నువ్వేం చూశావు?" అన్నాడు రాజు.

"వీధిలోంచి చూస్తే సుఖం కనిపించింది ప్రభూ. లోపలి నుంచి చూస్తే చిల్లి కనిపించింది. ఏది రాయాలో తెలియక..."

"శాస్త్రులవారికి కనబడని చిల్లి నీకు కనబడిందా? అయితే నాకూ చూపించు! కప్పు ఎక్కకూడదు, పెంకు కదపకూడదు, వాన కోసం ఆగకూడదు. సాలెవాళ్ల గుడిసెల్లోకి నేను రాను. ఇక్కడే ఉంటాను. ఎలా చూపిస్తావు?"

ఓబన్న నాలుక తడబడింది. మనసులో వెలుగుబొట్లు, చీకటి, పడుగు అన్నీ కలగాపులగమయ్యాయి. "చూపిస్తాను ప్రభూ... రేపు మధ్యాహ్నం... ఏలినవారికి పట్టపగలే చుక్కలు చూపిస్తాను!" అనేశాడు.

కొలువు కొయ్యబారిపోయింది. తను ఏమన్నాడో ఓబన్నకు అప్పుడు గాని తెలియలేదు. రాజుగారి మీసాలు అదిరాయి.

"నాకు చుక్కలు చూపిస్తావా? సరే. చూపించు. చూపించలేకపోతే సాలెవాళ్ల కంటే ముందు నువ్వు ఊరు దాటాలి."

ఓబన్న కాళ్లీడ్చుకుంటూ బయటికి వచ్చి, తిన్నగా సుంకులమ్మ దగ్గరికి వెళ్లాడు. "అక్కా, నోరు జారాను. రాజుగారి కొలువుకూటానిది కూడా పెంకుల కప్పే. కాని దానికి చిల్లులు పడ్డాయో లేదో నాకు తెలియదు. నాలుగు పక్కలా తలుపులే. ఆ వెలుతురులో ఏదీ తెలియదు."

"వడగళ్లకు రాజు ఇల్లు, సాలె ఇల్లు తేడా తెలుస్తుందా?"

"అవి ముత్యాలు అక్కా. దండోరా వేశారుగా."

"అయితే మరీ మంచిది. ముత్యాలైతే రాజుగారి ఇంటి మీదే కదా ఎక్కువ పడాలి!"

ఆ మాటతో ఓబన్నకు కొంచెం ధైర్యం వచ్చింది. ఎందుకు వచ్చిందో మాత్రం అతనికే సరిగ్గా తెలియలేదు.

మర్నాడు మధ్యాహ్నం పొద్దు కాస్త వాలాక కొలువుకూటం కిటకిటలాడింది. ఓబన్న పన్నెండు తలుపులూ మూయించాడు. గవాక్షాలకు చాపలు కట్టించాడు. ధూపం వేసే పరిచారకుణ్ణి పక్కన నిలబెట్టుకున్నాడు. లోపల కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి.

"ఏవీ చుక్కలు?" అన్నాడు రాజు.

ఓబన్న నేల వంక చూశాడు. ఏమీ లేదు. గోడలు చూశాడు. ఏమీ లేదు. కప్పు బాగానే ఉందా? సుంకులమ్మ ఇంట్లో తను చూసింది కలా? ఒకవేళ అవి నిజంగా ముత్యాలేనా?

"ప్రభూ, ఇక తలుపులు తెరిపించమంటారా?" అని శాస్త్రి గొంతు వినిపించింది.

ఓబన్న తలుపు సందులో కన్ను పెట్టి ఆకాశం చూశాడు. సూర్యుడికి అడ్డంగా ఒక చిన్న మబ్బు. "ఒక్క క్షణం ప్రభూ, ఒక్క క్షణం" అంటూ చేతులు జోడించాడు. దండం రాజుకు పెడుతున్నాడో మబ్బుకు పెడుతున్నాడో ఆ చీకట్లో ఎవరికీ తెలియలేదు.

మబ్బు తప్పుకుంది.

నేల మీద ఒక వెలుగుబొట్టు పుట్టింది. ఆ పక్కన రెండు. తరువాత పది, ఇరవై, గోడల మీద, స్తంభాల మీద, సేనాపతి తలపాగా మీద. కొలువంతా ఒక్కసారి "ఆఁ!" అంది.

"చుక్కలు!" రాజుగారు సింహాసనం మీంచి లేచి నిలబడ్డాడు. "నిజంగా చుక్కలే!"

శాస్త్రి తేరుకుని ముందుకు ఉరికాడు. "ప్రభూ, మహాశుభం! అవిగో, గుంపుగా ఉన్నవి కృత్తికలు. ఆ పెద్దది రోహిణి. పట్టపగలు నక్షత్రమండలమే ఏలినవారి పాదాల దగ్గరికి దిగివచ్చింది!"

"ఆహా!" అని రాజు మురిసిపోయాడు.

చిల్లులు చూపిస్తే అవి కూడా శుభశకునాలైపోయాయి! ఇప్పుడేం చెప్పాలి? ఓబన్న అటూ ఇటూ చూశాడు. చూస్తుండగానే రోహిణి మెల్లగా నేల మీంచి జరిగి, వంగి చూపిస్తున్న శాస్త్రి బట్టతల మీదికి ఎక్కింది.

"శాస్త్రులవారూ, రోహిణి తమ నెత్తికెక్కింది" అన్నాడు ఓబన్న.

శాస్త్రి తల తడుముకున్నాడు. చేయి చురుక్కుమంది. "వేడిగా ఉందే!" అన్నాడు అనుకోకుండా.

"నక్షత్రానికి వేడేమిటి?" రాజు కనుబొమలు ముడిపడ్డాయి.

ఓబన్న సైగ చేశాడు. పరిచారకుడు నిప్పుల మీద సాంబ్రాణి చల్లాడు. పొగ లేవగానే, కనబడని దారాలు కనబడ్డట్టు, ప్రతి చుక్క మీంచీ ఒక వెలుగు గీత ఏటవాలుగా పైకి సాగింది. కూటమంతా పడుగు పోసినట్టుంది.

"ప్రభూ, ఒక్క దారం పట్టుకుని కళ్లు పైకెత్తండి."

రాజు కళ్లు గీత వెంట పైకి, పైపైకి వెళ్లి, కప్పు దగ్గర ఆగాయి. అక్కడ సన్నటి చీలిక తెల్లగా మెరుస్తోంది.

"ఇవి ఎండ చుక్కలు ప్రభూ. పదిహేను రోజులు ఆగితే ఇదే దారిన వాన చుక్కలు దిగుతాయి. ఒక దారం సింహాసనం మీదికి కూడా ఉంది."

రాజు సింహాసనం దిగి ఓబన్న పక్కకు వచ్చాడు. ఎవరికీ వినబడకుండా అడిగాడు. "ఓబన్నా, నిజం చెప్పు. అవి వడగళ్లేనా? నేను ధర్మం తప్పానా?"

ఓబన్నకు మళ్లీ తికమక. అవునంటే రాజు నొచ్చుకుంటాడు. కాదంటే సాలె వీధి మునుగుతుంది. "పడ్డవి వడగళ్లో ముత్యాలో నాకు తెలియదు ప్రభూ. అవి కరిగిపోయాయి. మిగిలింది చిల్లి ఒక్కటే. దానికి పేరు పెట్టడం కన్నా పెంకు పెట్టడం తేలిక."

రాజు తలుపులు తెరిపించాడు. వెలుతురు రాగానే చుక్కలన్నీ మాయమయ్యాయి. జనం కళ్లు నులుముకున్నారు. అక్కడికక్కడే ఆజ్ఞ అయింది. ఆవంలోని పెంకులు మొదట సాలె వీధికి, తరువాత ఊరికి, ఆఖరున కొలువుకూటానికి. కప్పుల పరీక్ష ఇకమీదట వీధిలోంచి కాదు, తలుపులు మూసి లోపలి నుంచి. ఆ పనికి పెద్ద సుంకులమ్మ. ఏ పెంకు మోగింది, ఏది డొప్పుమంది అని ఆమె చెబుతుంటే రాసుకోవలసిన ఉద్యోగం గౌరీపతి శాస్త్రిది. పల్లకీ లేకుండా.

అంతా అయ్యాక రాజు ఓబన్నను దగ్గరికి పిలిచాడు. "భలేవాడివి. మా కప్పుకు చిల్లులున్నాయని ముందే ఎలా కనిపెట్టావు?"

"కనిపెట్టలేదు ప్రభూ."

"ఏమిటీ? కనిపెట్టకుండానే నిండు కొలువులో అంత మాట అన్నావా? ఒకవేళ మా కప్పు లక్షణంగా ఉంటేనో?"

"ఏముంది ప్రభూ, అప్పుడు చుక్కలు నాకు కనిపించేవి!"

ఉద్దండ భూపతి బిరుదులన్నీ మరిచిపోయి, పొట్ట పట్టుకుని, కళ్ల నీళ్లు కారేలా నవ్వాడు. తన భుజాన ఉన్న పట్టుశాలువా తీసి ఓబన్నకు కప్పి, ఈనిన పాడి ఆవును ఇంటికి తోలించాడు.

శాలువా కప్పుకుని ఇంటికి పోతూ, తను చేసింది తెలివైన పనో తెలివితక్కువ పనో దారి పొడుగునా ఓబన్నకు తేలలేదు. ఇంటి ముందు ఆవు మాత్రం నిజంగానే నిలబడి ఉంది.