అత్తిపత్తికి ముడుచుకోవడం ఎలా వచ్చింది

ఒకప్పుడు అత్తిపత్తికి ముడుచుకోవడం తెలీదు. తాకినా, గిల్లినా, చివరికి కొరికినా ఆకులు బార్లా చాపుకుని అలాగే ఉండేవి. నమ్మరా? ఒట్టు!

ఆ మొక్కలో ప్రతి ఆకుకాడ మొదట్లో ఒక చిన్న బుడిపె ఉంటుంది. ఇప్పటికీ ఉంది, కావాలంటే వెళ్లి చూడండి. మన కథ అలాంటి ఒక బుడిపెది. దాని పేరు బుడ్డమ్మ. ఒంటినిండా నీళ్లు నింపుకుని, తన ఆకుని నిలబెట్టి పట్టుకోవడమే దాని పని.

ఆ మొక్కకి పెద్ద వేరుతాత. మట్టిలో ఉంటాడు. ఆయనకి చూపు లేదు, వినికిడి అంతంతమాత్రం. తెలిసిందల్లా నీళ్లే. ఎండ కాసిందన్నా నీళ్లు పంపుతాడు, గాలి వీచిందన్నా నీళ్లే పంపుతాడు.

ఆకులది ఇంకో తంతు. వాటికి తాకిడి తప్ప మరోటి తెలీదు.

తొలకరి రోజుల్లో ఒక బొల్లిమేక ఆ దారి పట్టింది. ముళ్లున్నాయిగా అంటారా? మేకకి ముళ్లొక లెక్కా! వచ్చీ రాగానే ఒక కొమ్మకి మూతి పెట్టింది.

"బాబోయ్, ఏదో తగిలింది! తాతకి చెప్పు!" అని ఆకులు లబోదిబోమన్నాయి.

బుడ్డమ్మ ఆ మాటే ఉన్నదున్నట్టు కిందికి అరిచింది. "తాతా, తగిలింది!"

"తగలడమంటే ఏంటే? నీళ్లు చాల్లేదా? ఇదిగో, పట్టు!" అని తాత ఇంకో రెండు గుక్కలు పైకి తోశాడు.

ఆకులు మరింత నిగనిగలాడాయి. "ఆహా, ఏం రుచి!" అని మేక కొమ్మంతా నమిలేసింది. మర్నాడూ అదే వరస. మేక రావడం, బుడ్డమ్మ అరవడం, తాత నీళ్లు తోయడం.

మూడోనాటికి మొక్కంతటికీ బుడ్డమ్మ ఆకొక్కటే మిగిలింది. అదీ పోతే కింద తాతకి తిండి వండిపెట్టేది ఎవరు? మొక్క చచ్చినట్టే. బుడ్డమ్మకి భయంతో ఏడుపొచ్చేసింది.

రోజూ కబుర్లకొచ్చే ఆరుద్ర పురుగు అది చూసింది. ఎర్రటి మఖమల్ ఒళ్లు, ఎనిమిది పొట్టి కాళ్లు, ఊరికే ఉండని నోరు.

"పిచ్చిమొహమా! తగలడమంటే తాతకేం తెలుసే? ఊరికే అరిస్తే ఏం లాభం? నన్ను చూడు. ఎవరన్నా తాకితే కాళ్లు ముడుచుకుని కూర్చుంటాను. నువ్వూ అలా చెయ్యి."

"నాకు కాళ్లెక్కడివే? నా దగ్గరున్నవి నీళ్లేగా!" అంది బుడ్డమ్మ. అని, టక్కున ఆగిపోయింది. నీళ్లేగా!

అంతలో మేక రానే వచ్చింది. ఆకుకి మూతి ఆనించింది. "తగిలింది!" అంది ఆకు.

ఈసారి బుడ్డమ్మ కిందికి అరవలేదు. ఆకు చెప్పిన తాకిడిని తనే నీళ్ల పనిగా మార్చేసింది. చెంబు ఒంపినట్టు ఒక పక్క నీళ్లన్నీ ఒంపేసింది. పట్టు తప్పి కాడ కిందికి వాలింది. ఆకు చిట్టి రెక్కలు జతలు జతలుగా మూసుకున్నాయి.

మేక బిత్తరపోయింది. "ఇప్పుడేగా పచ్చగా ఉంది! ఇంతలో వాడిపోయిందేంటి? థూ!" అనుకుంటూ వెళ్లిపోయింది. మళ్లీ ఆ దారిన రాలేదు. మొక్క బతికింది, కొత్త ఆకులు వేసింది. కొత్త బుడిపెలన్నిటికీ బుడ్డమ్మ ఈ పనే నేర్పింది.

ఓ పొద్దున ఆరుద్ర పురుగు సంబరంగా వచ్చి ఆకు మీద కాలు పెట్టింది. అంతే, ఆకు ముడుచుకుంది. పురుగు జారి దబ్బున కింద పడింది.

"ఏమే, నన్ను కూడానా!" దానికి మనసు చివుక్కుమంది.

"ఏం చెయ్యనే!" అంది బుడ్డమ్మ. "తగిలిందన్నది నీళ్ల పనిగా మారుతోంది. ఎవరు తగిలారన్నది మాత్రం అలా మారట్లేదు. ఆ పేరు దారిలోనే పోతోంది."

వాలిన ఆకు వీపుకి తగలగానే, పురుగూ ఎనిమిది కాళ్లూ ముడుచుకుని కూర్చుంది మరి!

అలా ఇద్దరూ కాసేపు ముడుచుకునే ఉన్నారు. మెల్లగా బుడ్డమ్మలోకి నీళ్లు తిరిగొచ్చాయి. ఆకు విప్పుకుంది. పురుగు ఒక్కో కాలూ బయటికి తీసింది. "ఆఁ, ఎక్కడిదాకా వచ్చాం?" అని మళ్లీ కబుర్లలో పడ్డారు.

అప్పటినుంచే, మేక మూతి తగిలినా, వానచుక్క తగిలినా, మీ వేలు తగిలినా అత్తిపత్తి ముడుచుకుంటోంది. వచ్చింది మీరని దానికి తెలీదు. కాసేపు పక్కనే కూర్చుంటే మాత్రం మళ్లీ విప్పుకుంటుంది.