ముప్పై ఒక్క పేర్లు

ఢిల్లేశ్వరరావు ఆ రోజు గురువుగారి మెప్పు కోసం ఎదురుచూస్తున్నాడు.

గురువుగారి పేరు త్రినాథ పట్నాయక్. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. సముద్రం వైపు ఊళ్లలో కిడ్నీ రోగులకు డయాలసిస్ చేసే ఒక ధర్మకేంద్రం ఉంది. అక్కడ ఎవరు ఏ రోజు రావాలో చూసే ప్రోగ్రాం ఆయనే ఉచితంగా రాసిపెట్టారు. ఢిల్లేశ్ రెండేళ్లుగా ఆయన దగ్గర పని నేర్చుకుంటున్నాడు. చురుకైనవాడు. సినిమా పాటలు పాడుకుంటూ, వారం పట్టే పని ఒక పూటలో తేల్చేస్తాడు.

మాస్టారు కంటి ఆపరేషన్ చేయించుకుని నెల తర్వాత తిరిగొచ్చారు. కూర్చోగానే ఢిల్లేశ్ చెప్పాడు.

“మీ జాబితాలో కొన్ని పేర్లు రెండేసిసార్లు ఉన్నాయి మాస్టారూ. వాటిని పట్టుకునే ప్రోగ్రాం రాశాను. ముప్పై ఒకటి తీసేసింది. వెయిటింగులో ఉన్నవాళ్లకి ఆ ఖాళీలు ఇచ్చాం.”

“తీసేసినవాళ్లని చూశావా?”

“చూడక్కర్లేదండీ. పేరు, ఊరు, ఇంటి నంబరు, ఫోన్ నంబరు, నాలుగూ ఒకటైతేనే తీసేయమన్నాను. ఇద్దరు మనుషులకి నాలుగూ ఎలా కలుస్తాయి? నెలైంది. ఒక్క ఫిర్యాదూ రాలేదు.”

మాస్టారు ఆ ముప్పై ఒక్క పేర్లూ కాగితం మీద ప్రింటు తీయించారు. మడిచి జేబులో పెట్టుకుని, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని లేచారు.

“పద,” అన్నారు.

జీడితోటల మధ్య నుంచి బస్సులో వెళ్లారు. మొదటి ఇంట్లో ఆ పేరుతో ఒక్కడే మనిషి. రెండో ఇంట్లోనూ అంతే. అయిదో ఇల్లు దాటేసరికి ఎండ ముదిరింది. మాస్టారి కంటి నుంచి నీరు కారుతోంది.

“ఫోన్లు చేస్తే సరిపోయేది కదండీ,” అన్నాడు ఢిల్లేశ్. అతని గొంతులో కొంచెం విసుగు, కొంచెం గెలుపు ఉన్నాయి.

మాస్టారు రుమాలుతో కన్ను ఒత్తుకుని నడిచారు.

ఆరో ఇంటి ముందు ఒకామె చేపల వల బాగుచేస్తోంది. ఆమె పాదాలు బాగా వాచి ఉన్నాయి.

“ఊర్మిళగారి ఇల్లు ఇదేనా అమ్మా?” అడిగాడు ఢిల్లేశ్.

“ఏ ఊర్మిళ బాబూ? పెద్దూర్మిళా, చిన్నూర్మిళా?”

ఢిల్లేశ్ మాస్టారి వైపు తిరిగాడు.

“నేను చిన్నదాన్ని. మా తోడికోడలు పెద్దది. నా పెళ్లి నాటికే ఆ పేరు ఈ ఇంట్లో ఉండీది. మరేటి సేస్తారు, అలాగే పిలిసినారు. ఫోనూ ఇంటికొకటే.”

“ఇద్దరికీ డయాలసిస్సా అమ్మా?” మాస్టారు అడిగారు.

“ఇద్దరికీని. సెరో రెండు రోజులు ఉండీది వారానికి. ఈ నెల ఒక పేరు తీసీసినారు. సెంటరుకెళ్తే, ఊర్మిళ అని ఒకటే పేరుంది అన్నాది కొత్తగా వొచ్చిన పిల్ల. ఇంటికొకటే ఇస్తన్నారేమో అనుకున్నాం. వొంతులేసుకున్నాం. సోమారం అక్క, గురువారం నేను.”

“ఎవరినీ అడగలేదా?” అన్నాడు ఢిల్లేశ్.

“ఎవుల్నని అడుగుతాం బాబూ? గట్టిగా అడిగితే ఆ ఒకటీ పోతాదేమో.”

లోపల మంచం మీద పెద్ద ఊర్మిళ దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరాడదట. మొహం ఉబ్బి కళ్లు చిన్నవయ్యాయి. వచ్చినవాళ్లను చూసి, అంత ఆయాసంలోనూ, “మంచినీళ్లియ్యే,” అంది తోడికోడలితో.

చిన్న ఊర్మిళ రెండు గ్లాసుల నిండా నీళ్లు తెచ్చింది. మంచం పక్కన అక్క కోసం పెట్టిన నీళ్లు మాత్రం, ఎక్కువ తాగకూడదు కనుక, మందుసీసా మూతతో కొలిచి ఉన్నాయి.

ఢిల్లేశ్ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తర్వాత దాన్ని కింద పెట్టి, మంచం దగ్గర నేల మీద కూర్చున్నాడు.

“ఆ పేరు తీసేసింది నేనేనమ్మా,” అన్నాడు.

పెద్దామె అతని వైపు జాలిగా చూసింది.

“నువ్వెందుకు తీస్తావు నాయినా? కంప్యూటరు తీసీసిందన్నారు.”

“కంప్యూటరు కాదమ్మా. నేను.”

ఆమె ఆయాసం వినిపిస్తోంది. మాస్టారు గడప దగ్గరే నిలబడి ఉన్నారు.

ఢిల్లేశ్ లేచి కేంద్రానికి ఫోన్ చేశాడు. డాక్టరుతో మాట్లాడాడు. ఆటో పిలిచాడు. పెద్ద ఊర్మిళను తనే చేతుల మీద ఎత్తుకుని అందులో కూర్చోబెట్టాడు. చిన్నామె కూడా ఎక్కింది. ఆటో తోటల మలుపు తిరిగేదాకా గురుశిష్యులిద్దరూ చూస్తూ నిలబడ్డారు.

“మీకు ముందే తెలుసా మాస్టారూ?” అడిగాడు ఢిల్లేశ్.

“లేదు,” అన్నారు మాస్టారు, ఏడో పేరు కోసం కాగితం కంటికి దగ్గరగా పెట్టుకుంటూ. “తెలియదు కాబట్టే బయల్దేరాను.”