బుర్రుపిట్ట బుగ్గన దిష్టిచుక్క

ఇలా ఇయ్యి ఆ ఫోను. ఇయ్యమన్నానా! ఛార్జింగ్ అయిపోతే మీ అమ్మ నన్నంటుంది గానీ నిన్నేమీ అనదు. ఇదేంటి, దిండు గలీబు మీద ఈ నల్లటి మరక? సాయంత్రం నేను పెట్టిన దిష్టిచుక్క దీనికి రాసేశావా? నిన్ననేరా నిహాలూ ఈ గలీబు నేను ఉతికింది! ఆరేళ్ళు రాగానే పెద్దవాడివైపోయావు, ఇక చుక్క అక్కర్లేదు నీకు.

సరే, పడుకో, కథ చెప్తా. రాజుగారి కథ వద్దా? నక్క కథా వద్దా? మరేం కావాలి? ఫోన్లో ఉన్న ఆ పిట్ట కథా? నా ఖర్మ! సరే, బుర్రుపిట్ట కథే చెప్తా. మధ్యలో "అలా కాదమ్మమ్మా" అన్నావంటే మాత్రం లేచి వెళ్ళిపోతాను.

అనగనగా నీ ఫోన్లోనే ఒక ఊరు. దాని పేరు డబ్బీలపాలెం. ఊరి చుట్టూ అడవి. అడవి నిండా వింతవింత జంతువులు. నిప్పులు కక్కే తొండలు, ఒళ్ళంతా రాయైన ఏనుగులు, తోకలో మెరుపులున్న పిల్లులు. ఆ ఊరి పిల్లలకి చదువూ సంధ్యా ఏమీ లేవు. తెల్లారితే భుజాన సంచీ, సంచీలో డబ్బీలు. జంతువు కనబడితే డబ్బీ విసరడమే. తగిలిందంటే అది లోపలికి పోతుంది, మూత పడుతుంది. అంత ఏనుగు ఇంత డబ్బీలో ఎలా పడుతుందో నన్నడక్కు. ఆ ఆట తయారు చేసినవాణ్ణి అడుగు.

ఆ అడవిలో అన్నిటికన్నా చులకనైనది బుర్రుపిట్ట. పిడికెడంత ఉంటుంది. మట్టిరంగు ఒళ్ళు, నెత్తిన పసుప్పచ్చటి జుట్టు మూడు పోచలు. నిప్పు కక్కదు, మెరుపు మెరవదు. బుర్రుమని ఎగురుతుంది, బుర్రుమని వాలుతుంది, ఆ తర్వాత తింటుంది. దానికొచ్చిన విద్య అంతే. ఏంటీ, లెవెల్ పెరిగితే మహాబుర్రు అవుతుందా? అవనీ. నా కథలో అవదు. నోరు మూసుకుని విను.

ఆ ఊళ్ళో ప్రతి పిల్లకీ మొట్టమొదట దొరికేది బుర్రుపిట్టే. ఆ తర్వాత ఏ తొండో దొరకగానే పిట్టని వదిలేస్తారు. అలా వదిలేసిన పిట్టలు ఓ వంద, ఊరి మైదానంలో గింజలేరుకుంటూ తిరుగుతుంటాయి. ఒకదానికీ ఇంకోదానికీ వెంట్రుకవాసి తేడా ఉండదు. ఇది గుర్తుపెట్టుకో, దీంతో తర్వాత పనుంది.

ఆ ఊళ్ళో తాయారని తొమ్మిదేళ్ళ పిల్ల ఉండేది. వాళ్ళ అమ్మమ్మ పేరు కోటమ్మ. ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే.

ఏటా ఎండాకాలంలో ఆ మైదానంలో పలక పండగ చేస్తారు. పండగ జరిపించే పంతులుగారి దగ్గర పలికే పలక ఒకటుంది. దానికి జంతువుని చూపిస్తే పేరు, నంబరు, ఎక్కడ దొరుకుతుందో గడగడా చెప్పేస్తుంది. అందరికంటే అరుదైన జంతువుని తెచ్చిన పిల్లని పూల ఉయ్యాల్లో కూర్చోబెట్టి సాయంత్రం దాకా ఊపుతారు. మిగతా పిల్లలు కింద నిలబడి చప్పట్లు కొట్టాలి. తాయారు మూడేళ్ళుగా చప్పట్లు కొడుతోంది. ఈ ఏడు ఎలాగైనా ఉయ్యాలెక్కాలని దాని పట్టుదల.

అప్పుడు తాయారు వాళ్ళ అమ్మమ్మని కొత్త డబ్బీ అడిగింది. కోటమ్మ సంగతి తెలుసుగా, నాలాంటిదే. "ఇంట్లో బంగారంలాంటి డబ్బీ ఉండగా కొత్తదెందుకే?" అని మరమరాల డబ్బీ ఖాళీ చేసి చేతిలో పెట్టింది. తాయారు ముఖం మాడ్చుకుని అది పట్టుకునే అడవికి పోయింది.

మొదట తొండ మీదికి విసిరింది. తొండ తప్పుకుంది. ఆ తర్వాత ఏనుగు మీదికి విసిరింది. మరమరాల డబ్బీ కదా, లోపలికి పోవడం అటుంచి, తగిలిన సంగతి కూడా ఏనుగుకి తెలీలేదు. ఆ తర్వాత మెరుపు పిల్లి మీదికి విసిరింది. అది కాస్తా గురి తప్పి పొదలో పడింది. పడి, మూత ఊడింది.

తాయారు వెళ్ళి చూస్తే ఏముంది! డబ్బీలో ఓ బుర్రుపిట్ట కూర్చుని, అడుగున మిగిలిన మరమరాలు నములుతోంది.

"పో, పో!" అని తాయారు డబ్బీ బోర్లించి దులిపింది. పిట్ట కింద పడింది, లేచింది, మళ్ళీ డబ్బీలోకి నడిచింది. మళ్ళీ దులిపింది. మళ్ళీ ఎక్కింది. మూడోసారి దులిపేసరికి పిట్టకి కోపం వచ్చి, తాయారు బొటనవేలు పొడిచి మరీ లోపలికెళ్ళి కూర్చుంది. ఇంత మొండిఘటాన్ని నేనెక్కడా చూడలేదు, నిన్ను తప్ప.

తెల్లారితే పండగ. ఇంకో జంతువు దొరికే వీల్లేదు. తాయారు ఏడ్చుకుంటూ ఇంటికొచ్చింది. పేరు పెట్టవే దానికి అని కోటమ్మ అంటే, "ఛీ, బుర్రుపిట్టకి పేరొకటా!" అంది.

పొద్దున్నే కోటమ్మ పిట్టకి నీళ్ళు పోసింది, తుడిచింది, మూడు పోచల జుట్టూ దువ్వింది. అప్పుడు చూస్తే పిట్ట ముద్దొచ్చింది. ముద్దొస్తే కోటమ్మ చేతులూరుకోవు. రొండిన దోపుకున్న కాటుక భరిణె తీసి, ఎడమ బుగ్గన ఇంత చుక్క పెట్టింది.

"దానికి దిష్టెవరు పెడతారు అమ్మమ్మా?" అని తాయారు విసుక్కుంది.

"లోకంలో కళ్ళన్నీ ఒక్కలా ఉండవే" అంది కోటమ్మ.

పిట్టకి చుక్క నచ్చలేదు. వెళ్ళి బియ్యం బస్తాకి బుగ్గ రుద్దుకుంది. కోటమ్మ మళ్ళీ పెట్టింది. ఆ తర్వాత కోటమ్మ ఆరేసిన తెల్లచీరకి రుద్దింది. కోటమ్మ మళ్ళీ పెట్టింది. ఆ తర్వాత తాయారు కొత్త లంగాకే రుద్దింది. ఇంట్లో ఇన్ని పాతగుడ్డలుండగా కొత్త లంగాకే ఎందుకు రుద్దాలి? అడుగుతున్నా, చెప్పు! గలీబుకే ఎందుకు రుద్దాలి?

అప్పుడు కోటమ్మకి చిర్రెత్తుకొచ్చింది. కాటుకలో ఆముదం దట్టంగా కలిపి, పిట్టని చంకలో ఇరికించుకుని, చుక్క పెట్టి ఊదింది. అది ఇంక ఊడలేదు.

మైదానంలో జనం కిటకిటలాడుతున్నారు. తాయారు తలొంచుకుని పిట్టని పలక ముందు పెట్టింది. పిల్లలంతా ముందే నవ్వడానికి నోళ్ళు తెరిచారు. పలక కీచుమంది. గురగురలాడింది. చివరికి చెప్పింది కదా, "ఇది నా పట్టీలో లేదు!"

పంతులుగారి కళ్ళజోడు జారిపోయింది. పలకని తడిగుడ్డతో తుడిచి మళ్ళీ చూపించారు. "ఇది నా పట్టీలో లేదు!" మూడోసారీ అదే మాట. మరి ఆ పలక పట్టీలో చుక్క ఉన్న బుర్రుపిట్ట ఎక్కడిది?

ఇంకేముంది, డప్పులు, ఈలలు. "కొత్త జాతి! లోకంలో ఇదొక్కటే! దీని పేరు కృష్ణతిలక మహావిహంగం!" అని పంతులుగారు కేకేశారు. తాయారుని ఎత్తి పూల ఉయ్యాల్లో పడేశారు.

కోటమ్మ తల పట్టుకుంది. పంతులుగారి దగ్గరికెళ్ళి, "అయ్యా, అది నేను పెట్టిన కాటుక" అంది. డప్పుల గోలలో ఆయనకి వినబడలేదు. ఆ తర్వాత డప్పువాళ్ళ దగ్గరికెళ్ళి, "కాస్త ఆపండి నాయనా" అంది. ప్రసాదం కోసమొచ్చిందనుకుని బెల్లమ్ముక్క చేతిలో పెట్టారు. ఆ తర్వాత ఉయ్యాల దగ్గరికెళ్ళి, "తాయారూ, నువ్వన్నా చెప్పవే" అంది. తాయారుకి వినబడింది. వినబడి కూడా, తల పక్కకి తిప్పుకుని ఉయ్యాలకున్న బంతిపూలు లెక్కపెడుతూ కూర్చుంది.

నాకైతే ఒళ్ళు మండిపోతుంది ఇక్కడికొచ్చేసరికి.

అప్పుడు పంతులుగారు ఇంకో మాట చెప్పారు. "లోకంలో ఒక్కటే ఉన్న జంతువు పిల్లల చేతుల్లో ఉండకూడదు. పట్నంలో గాజుమేడలో పెట్టి తాళం వేస్తాం. దాన్నెవరూ ముట్టుకోకూడదు. తిండి కూడా గొట్టంలోంచి పంపిస్తాం." బండి వచ్చేసింది. పిట్టని గాజుపెట్టెలో పెట్టి బండెక్కించారు.

పిట్టకేం తెలుసు? ఎదురుగా ఉయ్యాల్లో తాయారు కనబడుతోంది. మరమరాల వేళైంది. టక్కుమని గాజుని పొడిచింది.

తాయారు చూసింది. ఉయ్యాల ముందుకెళ్ళింది, వెనక్కొచ్చింది. ఎంత బావుందో ఉయ్యాల! మూడేళ్ళ ఆశ మరి.

టక్కుమని ఇంకోసారి పొడిచింది. బండివాడు ఎద్దుల్ని అదిలించాడు. ఇప్పుడు నోరు విప్పితే ఉయ్యాలా పోతుంది, పరువూ పోతుంది. విప్పకపోతే పిట్ట పోతుంది.

మూడోసారి పొడిచి, పిట్ట గాజుకి ముక్కు ఆనించి నిలబడిపోయింది.

అప్పుడు దూకింది తాయారు ఉయ్యాల్లోంచి. మోకాలు చీరుకుపోయింది. లేచి బండికి అడ్డం పడింది. "పంతులుగారూ! అది కొత్త జాతి కాదండీ! ఉత్త బుర్రుపిట్టండీ! ఆ చుక్క మా అమ్మమ్మ పెట్టిన కాటుకండీ!"

పంతులుగారు నవ్వారు. "పిట్టకి దిష్టిచుక్క పెట్టేవాళ్ళెవరమ్మా?"

"నేనేనయ్యా" అంది కోటమ్మ. "ముద్దొచ్చింది, పెట్టాను. తప్పా?"

గాజుపెట్టె తెరిచారు. తాయారు లంగా అంచు తడిపి తుడవబోయింది. ఇప్పుడు చూడు దాని పొగరు! పొద్దుట్నించీ ఊళ్ళో ఉన్న గుడ్డలన్నిటికీ రుద్దుకున్న పిట్ట, మనం తుడుస్తామంటే తుడవనివ్వదు. తల ఇటు తిప్పుతుంది, అటు తిప్పుతుంది, రెక్కకింద దాచుకుంటుంది. ఆముదం వేశారు కదా, కాటుకా వదల్దు. పట్టుకుని, బతిమాలి, మూడుసార్లు రుద్దితే గానీ పోలేదు.

అప్పుడు పలక కీచుమనకుండా చెప్పింది. "బుర్రుపిట్ట. ఒకటో నంబరు. ఎక్కడ పడితే అక్కడ దొరుకును."

మైదానం మొత్తం గొల్లుమంది. పంతులుగారు ముఖం కందగడ్డలా చేసుకుని, పలక సంకనెట్టుకుని వెళ్ళిపోయారు. ఆ నవ్వులకి హడలిపోయి బుర్రుపిట్ట బుర్రుమంది. పోయి పోయి, గింజలేరుకుంటున్న ఆ వంద పిట్టల్లో వాలింది.

అయిపోయింది. ఇప్పుడక్కడ నూటొక్క బుర్రుపిట్టలు. చుక్కేమో తుడిచేసింది. తనది ఏదో ఎలా తెలుస్తుంది?

తాయారు పిలుద్దామనుకుంది. ఏమని పిలుస్తుంది? పేరు పెట్టలేదుగా! "పిట్టా!" అంది. నూటొక్క తలలు ఇటు తిరిగాయి. ఆ తర్వాత మరమరాల డబ్బీ గలగలలాడించింది. నూటొక్క పిట్టలూ వచ్చి దాని నెత్తిన వాలాయి. తిండంటే రాని పిట్టెక్కడైనా ఉంటుందా? ఆ తర్వాత ఒక్కోదాన్నీ పట్టుకుని చూసింది. అన్నిటికీ మట్టిరంగే, అన్నిటికీ మూడు పోచలే.

అప్పుడు మట్టిలో కూలబడి ఏడ్చింది. "అమ్మమ్మా, నా పిట్టని నేనే గుర్తుపట్టలేకపోతున్నానే!"

కోటమ్మకి కోపం ఉంది, చీర పాడైన బాధ ఉంది, ఎండకి తల తిరుగుతోంది. అయినా ఏం చేస్తుంది? నిట్టూర్చి, రొండినున్న భరిణె తీసింది. మూత తెరిచి, వేలికి కాటుక అద్దుకుని, వేలు చాపి అలా నిలబడింది.

పిట్టలు చూశాయి. తినేది కాదని తెలిసి, ఒకటీ ఒకటీ ఎగిరిపోయాయి. వందా పోయాయి.

ఒక్కటి మిగిలింది. అది అక్కడే నిలబడి కాసేపు చిరచిరలాడింది. రెక్కలు దులుపుకుంది. అటు నాలుగడుగులు వేసింది, ఇటు నాలుగడుగులు వేసింది. ఆ తర్వాత కోటమ్మ కాళ్ళ దగ్గరికొచ్చి, కళ్ళు గట్టిగా మూసుకుని, ఎడమ బుగ్గ ఇలా తిప్పి పెట్టింది.

తాయారు దాన్ని గుండెలకి హత్తుకుంది. హత్తుకున్న దగ్గర లంగా మీద మళ్ళీ మరక. పోనీలే, పాత మరక పక్కనే పడింది. పిట్టకి ఆ పూటే పేరు కూడా పెట్టింది, చుక్కమ్మ అని.

ఉయ్యాలా? ఉయ్యాల ఇంకెవరో ఎక్కారు. తాయారు కింద నిలబడి చప్పట్లు కొట్టింది. ఒక్క చేత్తో ఎలా కొడుతుందని అడక్కు, రెండో చేతిలో పిట్టుంది, తొడ మీద కొట్టింది.

ఆ మర్నాడు చూస్తే కోటమ్మ గుమ్మం ముందు పిల్లల వరస. వదిలేసిన పిట్టల్ని ఒక్కోటీ పట్టుకొచ్చారు. ఒకడికి నుదుటన చుక్క కావాలి, ఒకత్తెకి కుడి బుగ్గన, ఇంకొకడికి తోక మీద. ఉన్నది ఒక్క భరిణె, పిట్టలు వంద! పాపం కోటమ్మ విసుక్కుంటూనే కూర్చుని అందరికీ పెట్టింది.

అదీ కథ. ఇంక కళ్ళు మూసుకో. ఏంటీ? ఫోను మళ్ళీ ఎందుకు? దాంట్లో పిట్టకి చుక్క పెట్టాలా? ఫోను అద్దానికి కాటుక రాస్తే మీ అమ్మ నన్ను ఇంట్లోంచి గెంటేస్తుంది!

ఏంటి, ఇటు తిరిగావు? బుగ్గెందుకు చాపుతున్నావు? ఇప్పుడా? పడుకునేటప్పుడా? మళ్ళీ గలీబంతా నల్లగా అవుతుందిరా... సరే, సరే, ఉండు. భరిణె ఎక్కడ పెట్టానో. కదలకు. ఆఁ, అయింది.

కథేమో కంచికి,
పిట్టేమో డబ్బీకి,
కాటుకేమో బుగ్గకి,
మరకేమో దిండుకి,
నువ్వేమో నిద్దరకి,
రేపు ఉతికే పని నాకు, ఇంకెవరికి!