ఎడమచేతి ముడి

అనగనగా ఒక ఏరు. ఆ ఏరు సముద్రంలో కలిసేచోట ఒక పల్లె. ఆ పల్లెలో వలలల్లే నూకాలు.

నూకాలుది ఎడమచేతి వాటం. ఊరంతా కుడివైపు తిప్పి ముడివేస్తే, ఆమె ఎడమవైపు తిప్పి వేసేది. ఆ విద్య నేర్చినవాడు ఒక్కడే, ఆమె కొడుకు పైడయ్య. మొగుడు వరదలో పోయాక ఆ పిల్లవాడే ఆమె ప్రాణం.

ఈ పైడయ్యే తర్వాత మూడు రేవులను గడగడలాడించిన గజదొంగ. పుడుతూనే దొంగ అయ్యాడా? ఎవరూ అవరు. వినండి మరి.

ఏడేళ్లప్పుడు వాడు పొరుగింటి పడవవాడు సింహాద్రి చేపలబుట్ట విప్పి చేపలు తెచ్చాడు. నూకాలు గబగబా వెళ్లి బుట్ట మూతి మళ్లీ కట్టేసి వచ్చింది. “ఆకలేసి తెచ్చాడు. ఏటైపోద్ది?” అనుకుంది.

తొమ్మిదేళ్లప్పుడు ఎవరిదో మేకపిల్లను తోలుకొచ్చాడు. వెతుక్కుంటూ వచ్చిన ముసలమ్మతో, “ఇది మా మేక ఈనిందే” అంది నూకాలు, కళ్లార్పకుండా.

పన్నెండేళ్లప్పుడు, ఆ మేక సంగతి చెప్పేస్తానన్న తోటిపిల్లవాణ్ణి ఏటిలో గుంజకు కట్టేశాడు. పోటు వస్తోంది. నీళ్లు గడ్డం దాకా వచ్చాక సింహాద్రి చూసి, తాడు కోసి కాపాడాడు. ఆ తాడుతోనే నూకాలు గుమ్మంలోకి వచ్చాడు.

“అప్పా, ఇది నీ ముడే. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తేకు. గుంటణ్ణి దండించు.”

“పిల్లల ఆటకి పెద్దోళ్లు తగువుకొస్తారేటి? పో!” అని తలుపేసింది నూకాలు.

ఏళ్లు గడిచాయి. పైడయ్య ఇల్లు వదిలి ముఠా కట్టాడు. ఒకనాడు ఒక వర్తకుణ్ణి దోచి, చేతులు కట్టి ఏట్లో తోసేశాడు. శవం సింహాద్రి పడవ పక్కన తేలింది. కట్టింది పడవతాడు. ఇంకేం, భటులు సింహాద్రిని పట్టుకున్నారు.

రాజుగారు రేవులోనే తీర్పు చెప్పారు. “వీడికి శిరశ్ఛేదం!”

జనంలో ఉన్న నూకాలు, శవం చేతుల నుంచి కోసి నేలమీద పడేసిన తాడు చూసింది. ముడి ఎడమవైపు తిరిగి ఉంది.

తలెత్తితే, జనంలో గొంగళి ముసుగులోంచి పైడయ్య కళ్లు! ‘అమ్మ చెప్పదులే’ అనే చిన్ననాటి చూపే. నోరు తెరిస్తే కొడుకు పోతాడు. మూసుకుంటే సింహాద్రి పోతాడు.

తలారి కత్తి ఎత్తాడు.

“ఆగండి బాబూ! ఆ ముడి మా ఇంటిది!”

“రుజువేమిటి?” అన్నారు రాజుగారు.

నూకాలు ఎడమచేత్తో మరో తాటికి ముడివేసి చూపింది. రెండూ ఒకటే.

“ఒకటే ముడైతే ఒకలాగే విడాలి. ఇప్పుడు రెండూ విప్పు” అన్నారు రాజుగారు.

కొత్తముడి గోరు తగలగానే వీడిపోయింది. పాతముడికి గోరు విరిగి నెత్తురొచ్చింది గాని, అది కదలలేదు.

“రాదు బాబూ. వేసిన వెంటనే అయితే గోటికి వచ్చేది. నాని బిగిశాక కత్తే దిక్కు.” ఆమె జనంలోకి చెయ్యి చూపింది. “అడుగో, నా కొడుకు.”

భటులు పైడయ్యను పట్టుకున్నారు. వాడు గింజుకుంటూ అరిచాడు. “ఇన్నాళ్లూ దాచావు కదే అమ్మా! ఇప్పుడేటిలాగ?”

“అదేరా నాయనా నేను చేసిన పాపం. చేపలబుట్టకి మొదటి ముడి నేనే వేశాను” అని నూకాలు నేలకూలి ఏడ్చింది. కట్లు వీడిన సింహాద్రి వచ్చి ఆమెను లేవదీశాడు.

బిడ్డ తప్పును గోటితోనే విప్పాలి. ప్రేమతో కప్పి ముడివేస్తే, అది వాడి మెడకే బిగుస్తుంది.