తాడు చివరి పేరు

అనగనగా అంటే ఎన్నాళ్ళ కిందటని అడక్కండి. మీ తాతగారి తాతకి పాలపళ్ళు రాని రోజులనుకోండి, సరిపోతుంది. సముద్రం ఒడ్డున గవ్వలపేట అని ఓ ఊరు. ఊళ్ళో నలభై పాకలు. నలభై పాకలకీ కలిపి ఒకటే వల. దాన్ని అల్లడానికి మూడు వేసవులు పట్టింది. ఆ వల ఉంటే ఊరికి కూడు, లేకపోతే పస్తే.

మామూలు వల కాదది. పడవ మీద తీసుకెళ్ళి సముద్రంలో సగం చుట్టుగా వదిలి వస్తే, దాని రెండు కొసల తాళ్ళూ ఒడ్డుకు చేరతాయి. ఈ తాడు పట్టుకుని ఇరవైమంది, ఆ తాడు పట్టుకుని ఇరవైమంది, ఇంటికొకరు చొప్పున లాగాలి.

రోజూ తెల్లారగానే, లాగబోయే ముందు, వలపెద్ద ఎల్లాజీ నీళ్ళ దగ్గర నిలబడి పేర్లు పిలుస్తాడు. పేరు వినగానే ఆ మనిషి ఒక చెయ్యి తాడు మీంచి తీసి, పైకెత్తి, "ఉన్నాను!" అనాలి. ఆఖరి పేరయ్యేదాకా ఆ చెయ్యి దించకూడదు. సముద్రం మీద బతికేవాళ్ళు కదా. ఎవరున్నారో ఎవరు లేరో పొద్దున్నే తేల్చుకోవడం వాళ్ళ అలవాటు. ఆ ఊరి పిల్లలు 'అమ్మ' తర్వాత నేర్చే మాట 'ఉన్నాను'.

నలభయ్యో పేరు కొర్లమ్మది. రెండో తాడుకి చిట్టచివర ఆమె చోటు. మొగుణ్ణి సముద్రం తీసుకుపోయింది. పిల్లల్లేరు. అందరూ లాగిన తాడును వెనక కూర్చుని చుట్ట చుట్టడం ఆమె పని. ఆ పని చేసేవాళ్ళని ఎవరూ చూడరు. అందరి చూపూ సముద్రం మీదే. కొర్లమ్మకి మాత్రం రోజూ వాళ్ళ వీపులు కనిపిస్తాయి. ఎవరి వీపు నొప్పిగా ఉందో, ఎవరింట్లో పొయ్యి వెలగలేదో ఆ వీపులు చూసే చెప్పేసేది.

"ఒరే సింహాద్రీ! మీ యావిడ అలిగిందేట్రా, ఈపు వాలిపోనాది!" అని వెనకనుంచి అరిచిందంటే, తాడు పట్టినవాళ్ళంతా పకపకా నవ్వేవారు. చేపల బుట్టతో ఒడ్డున నిలబడ్డ ఆ అలిగినావిడ కూడా నవ్వేది.

అలాంటి కొర్లమ్మకి ఒక ఏడు కడుపులో గడ్డ పుట్టింది. మొదట రేగుపండంత. తర్వాత నిమ్మకాయంత. ఆ తర్వాత కొబ్బరి బొండామంత. మందుల తాత వచ్చి నాడి పట్టుకుని చూశాడు, కడుపు నొక్కి చూశాడు, నాలుక చూశాడు. బయటికొచ్చి ఊరి పెద్దలతో అన్నాడు.

"దీనికి మందు లేదు. వచ్చే గంగమ్మ పండగ ఈవిడ సూడదు. కదలకుండా తొంగోమనండి."

గవ్వలపేటలో ఓ నమ్మకం ఉంది. వైద్యుడు వదిలేసిన మనిషి పేరు ఒడ్డున పిలవకూడదు. పిలిస్తే గంగమ్మ వింటుంది, విన్నాక తనూ పిలుస్తుంది. అందుకని జబ్బు మనిషి పేరు వినపడకుండా దాచేసేవారు. ఇదంతా ప్రేమతోనేనండీ, అది మర్చిపోకండి. కొర్లమ్మ కూడా ఆ మాట నమ్మిన మనిషే, తన వంతు వచ్చేదాకా.

మర్నాడు ఎల్లాజీ ముప్పైతొమ్మిది పేర్లు పిలిచి ఆగిపోయాడు. "లాగండి" అన్నాడు.

కొర్లమ్మకి రావాల్సిన చేపలు ఆమె గుమ్మంలోకే వచ్చాయి. చేపలు తెచ్చినవాళ్ళు బుట్ట దించి, తల దించుకుని వెళ్ళిపోయారు. ఒకరోజు అయింది. రెండు రోజులయింది. మూడు రోజులయింది. చేపలు వచ్చాయి గాని మాట రాలేదు. పక్కింటివాళ్ళు కూడా 'ఆవిడ' అంటున్నారు తప్ప పేరెత్తడం లేదు. నిజం చెబుతున్నాను, కడుపులో గడ్డకంటే అదే ఆమెను ఎక్కువ కోసింది. బతికుండగానే ఊరు తనను లెక్కలోంచి తీసేసింది. చచ్చేలోగా ఒక్కసారైనా తన పేరు తను వినాలనుకుంది.

నాలుగోరోజు తెల్లారగానే కర్ర పట్టుకుని ఒడ్డుకు వెళ్ళింది. ముప్పైతొమ్మిది పేర్లయ్యాయి. నలభయ్యో పేరు రాలేదు.

"ఉన్నాను!" అంది కొర్లమ్మ.

ఒక్క వీపూ తిరగలేదు. కొన్ని వీపులు మాత్రం వణికాయి. ఏడుస్తున్నారని ఆమెకి తెలిసింది. తిరిగి వెళ్ళిపోయింది.

అయిదోరోజు మళ్ళీ బయల్దేరింది. దారిలో మూడుచోట్ల కూలబడింది. మూడుసార్లు లేచింది. ముప్పైతొమ్మిది పేర్లయ్యాయి. నలభయ్యో పేరు రాలేదు.

"ఉన్నాను!" అంది కొర్లమ్మ, నిన్నటికంటే గట్టిగా.

ఎల్లాజీ పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఆమె మొగుడికి పినతండ్రి కొడుకు, ఆమెకి వరసకు మరిది.

"ఏటి వదినా ఇది? నీ కాళ్ళు మొక్కుతాను, ఇంటికెల్లు. మాయమ్మ కూడా ఇలాగే వద్దంటే ఒచ్చింది. నాను పేరు పిలిసినాను. పొద్దున్న పిలిసినాను, మద్దేన్నానికి పోనాది. ఈ నోటితోనే పిలిసినాను వదినా. నిన్ను కూడా సంపుకోమంతావా?"

అప్పుడర్థమయింది కొర్లమ్మకి, ఈ మగాడు ఇన్నేళ్ళుగా ఏం మోస్తున్నాడో.

"మీయమ్మ రోగంతో పోనాదిరా పిచ్చోడా. నువ్వు పిలిసినావు గనక నవ్వుతా పోనాది. నాను పక్కనే ఉండి సూసినాను. అయినా గంగమ్మకి నా పేరు కొత్తేటి? ముప్పై ఏళ్ళుగా పొద్దున్నే ఆ తల్లి మొకం ముందే పలుకుతన్నాను."

జవాబు లేని మనిషికి కోపం వస్తుంది కదా. "ఎల్లమంటే ఎల్లవేం!" అని ఎల్లాజీ అరిచి, కళ్ళు తుడుచుకుంటూ పోయాడు.

ఆరోరోజు కూడా వచ్చింది. ఈసారి ఏమీ అనకుండా తాడు చివర తన చోట్లో కూర్చుంది.

"పేరొద్దులే మరిదీ. తాడు ముట్టుకోనీ, సాలు," అంది.

ఎల్లాజీ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ముప్పైతొమ్మిది పేర్లయ్యాయి. లాగడం మొదలయింది. కొర్లమ్మకి లాగే సత్తువ ఎక్కడిది? అరచేతుల్లో తాడు ఊరికే ఆనించుకుని కూర్చుంది.

తాడు మాట్లాడుతుంది, మీకు తెలుసా? చేప పడితే వణుకుతుంది. నాచు పడితే బరువెక్కుతుంది. రాయి తగిలితే గీరినట్టు ఉంటుంది. కానీ బలంగా లాగేవాడి చేతికి తన బలం తప్ప ఇంకేమీ తెలియదు. ఆవేళ అంతమందిలో ఊరికే పట్టుకున్నది కొర్లమ్మ ఒక్కతే. ఆమె చేతుల్లో తాడు గరగరా గీరింది.

"ఆపండ్రా! రాయి!" అంది.

అలల హోరులో ఎవరికీ వినపడలేదు.

"ఆపండ్రా! వల రాతిమీద పడింది!" అని మళ్ళీ అరిచింది.

వినపడింది. కానీ తాడు మీద పేరు లేని మనిషి మాట చెల్లదు, ఆ ఊరి కట్టుబాటు అది. ఇంకో నాలుగు పట్లు లాగితే వల నిలువునా చీరుకుపోతుంది. మూడు వేసవుల కష్టం, నలభై ఇళ్ళ కూడు.

మూడోసారి కొర్లమ్మ ఆపమని అరవలేదు. ఊపిరంతా కూడదీసుకుని పేర్లు పిలవడం మొదలెట్టింది.

"అప్పలకొండా!"

"ఉన్నాను!" అంటూ అప్పలకొండ చెయ్యెత్తేశాడు.

"సింహాద్రీ!"

"ఉన్నాను!"

"పోలమ్మా!"

"ఉన్నాను!"

అలవాటండీ, అలవాటు! పేరు వినపడితే చాలు, బుర్రకంటే ముందు చెయ్యి లేస్తుంది. ముప్పై ఏళ్ళుగా విన్న పేర్లు, ఒక్కటి వరస తప్పలేదు. ఆమె ఒకరి తర్వాత ఒకర్ని పిలుస్తూ పోయింది, వాళ్ళు పలుకుతూ చెయ్యి ఎత్తి అలాగే ఉంచేశారు. ఒంటిచేత్తో అంత వల లాగడం ఎవరి తరం? పదో పేరుకి తాడు సడలింది. ఇరవయ్యో పేరుకి వల ఆగింది. ముప్పైతొమ్మిదో పేరుకి జనమంతా వెనక్కి తిరిగి నిలబడ్డారు. ఇన్నేళ్ళలో మొదటిసారి కొర్లమ్మ తన చోట్లోంచి వాళ్ళ ముఖాలు చూసింది.

ఇక మిగిలింది ఒక్క పేరు. తన పేరు తనే పిలుచుకోవడం ఆ ఊళ్ళో లేదు. ఇంకొకరు పిలవాలి. అందరూ ఎల్లాజీ వైపు చూశారు.

"కొర్లమ్మా," అన్నాడు ఎల్లాజీ, తనకే వినపడనంత నెమ్మదిగా.

"ఇనపళ్ళేదురా," అంది ఆమె.

"కొర్లమ్మా!" అన్నాడు.

"నాకు కాదు, ఆ తల్లికి ఇనపడాల!"

ఎల్లాజీ సముద్రం వైపు తిరిగి, గుండెలు పగిలేలా అరిచాడు. "కొర్లమ్మా!"

కొర్లమ్మ రెండు చేతులూ ఎత్తింది. "ఉన్నాను!"

ఒడ్డంతా ఒక్కసారి హోరెత్తింది. ఇద్దరు తెప్ప మీద వెళ్ళి, నీళ్ళలో మునిగి, రాతికి పట్టుకున్న వలను విడిపించి వచ్చారు. ఆవేళ పడినన్ని చేపలు ఆ ఊరు మళ్ళీ చూడలేదంటారు. అది కొంచెం ఎక్కువ చేసి చెప్పిందే అయ్యుంటుంది, అయినా ఆ మాట నేనూ వదులుకోను.

"వదినా, వల కాపాడినావు. ఇయ్యాలనుంచి తాడు మీద నీ సోటు నీదే," అన్నాడు ఎల్లాజీ.

కొర్లమ్మకి కోపం వచ్చింది. "వల సినిగిపోతే నా పేరు నాకుండదేటి? బగుమానంగా ఇత్తావా నా పేరు? బతికున్నాను గనక పిలు. అంతే!"

ఎల్లాజీ తల దించుకున్నాడు. తప్పు తెలిసింది అతనికి.

ఆ మధ్యాహ్నం అతను ఆమె ఎదురుగా కూర్చుని రెప్ప వెయ్యకుండా చూశాడు. సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. పక్కకి వాలాడు. ఏమీ కాలేదు.

"ఏట్రా, నా సావుకోసం సూత్తన్నావా? ముందు కూడెట్టు. తినీసి నానూ సూత్తాను," అంది కొర్లమ్మ. ఎల్లాజీ ఏడుస్తూ నవ్వాడు.

మందుల తాత మండిపడుతూ వచ్చాడు, తన మాట వినలేదని.

"తాతా, తొంగుంటే ఎన్నాళ్ళుంతాను?"

"పండగ దాకా."

"లేసి తిరిగితే?"

"పండగ దాకా."

"మరింక తొంగోడం దేనికి తాతా?"

తాత చంకలో సంచి సర్దుకుని వెళ్ళిపోయాడు.

అలా ఆరు నెలలు. నొప్పి రోజూ ఉంది. కొర్లమ్మ కూడా రోజూ ఉంది. నడవగలిగినన్నాళ్ళు నడిచి వచ్చింది. నడవలేనప్పుడు మంచంతో మోసుకొచ్చారు. మంచం కదిపితే నొప్పి తట్టుకోలేని రోజులు వచ్చాక, తాడునే ఆమె దగ్గరికి పంపారు. ఒక తాడు ముక్క కలిపితే చాల్లేదు. రెండు కలిపితే చాల్లేదు. మూడు కలిపితే ఆమె గుమ్మం దాటి మంచం దాకా వచ్చింది. లాగేవాళ్ళు అలసట తీర్చుకోవడానికి ఆమె పాకలోకే వచ్చేవారు. వాళ్ళ తగవులు తీర్చింది. పెళ్ళిళ్ళు కుదిర్చింది. తాడు వేళ్ళమధ్య పెట్టుకుని, "ఈయాల పండుగప్ప సేపలు పడతాయి సూడండి" అని చెప్పేది. కొన్నిసార్లు పడేవి, కొన్నిసార్లు పడేవి కావు.

గొంతు సన్నబడింది. ఒడ్డునుంచి "కొర్లమ్మా!" అని కేక వస్తే, ఆమె పలికిన మాట గుమ్మం దాటేది కాదు. గుమ్మం దగ్గరివాళ్ళు విని, "ఉందట!" అనేవారు. మధ్యలోవాళ్ళు "ఉందట!" అనేవారు. ఒడ్డున "ఉందట!" అని వినపడ్డాకే వల కదిలేది.

చివరి వారం ఎల్లాజీని పిలిపించి ఒకటే మాట చెప్పింది. "నాను పోయాక నా పేరు ఆపకు. పలికేవోలు ఉంతారు."

మందుల తాత లెక్క తప్పలేదు. పండగ ఇంకా మూడు రోజులుందనగా, ఓ తెల్లవారి ఎల్లాజీ మూడుసార్లు పిలిచాడు. "ఉందట" అన్న మాట రాలేదు. వెళ్ళి చూస్తే తాడు ఆమె చేతిలోనే ఉంది. వేళ్ళు విడదియ్యడానికి ఎవరికీ మనసొప్పలేదు. ఆ కాస్త తాడూ కోసి ఆమెతోనే పంపించారు. ఊరంతా వెనక నడిచింది. దారి పొడుగునా ఆమె పేరు గట్టిగా, సముద్రానికి వినపడేలా పిలుస్తూ నడిచింది.

మర్నాడు ముప్పైతొమ్మిది పేర్లయ్యాక, ఆమె చెప్పిన మాట కోసం ఎల్లాజీ పిలిచాడు.

"కొర్లమ్మా!"

అలల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. అంతలో ఊరి చివర పాకలోంచి ఒక బొంగురు గొంతు వచ్చింది.

"ఉన్నాను!"

అందరూ ఉలిక్కిపడ్డారు. అది ముసలి గురువులు గొంతు. ఊపిరితిత్తులు పుచ్చిపోయాయని మందుల తాత వదిలేస్తే, రెండేళ్ళ కిందట అతని పేరు పిలవడం మానేశారు. ఆ చోట్లో కొడుకు నిలబడ్డాడు. అతను పాకలో ఉన్న సంగతి ఊరు మర్చేపోయింది.

ఎల్లాజీ తాడు కొస పట్టుకుని పరిగెత్తాడు. ఒక ముక్క చాల్లేదు. రెండు ముక్కలు చాల్లేదు. మూడు కలిపితే గురువులు చేతికందింది.

అదిగో, అప్పట్నుంచి గవ్వలపేటలో జబ్బు మనిషి పేరు ఎవరూ దాచరు. అందరి పేర్లలో అతని పేరూ పిలుస్తారు. ఆఖర్న మళ్ళీ "కొర్లమ్మా!" అంటే దానికీ అతనే పలకాలి. మామూలువాళ్ళు ఒకసారి ఉన్నట్టు లెక్క, జబ్బు మనిషి రెండుసార్లు ఉన్నట్టు లెక్క. ఆ పలుకు వినపడేదాకా వల కదలదు.

ఊళ్ళో ఎవరికీ జబ్బు లేని రోజులు కూడా ఉంటాయి. ఆ రోజు ఆఖరి పేరుకి ఎవరూ పలకరు. వలపెద్ద కాసేపు ఆగుతాడు. తర్వాత సముద్రం వైపు తిరిగి, "ఈయాల అందరికీ బాగుంది వదినా," అంటాడు. అందరూ నవ్వి తాడు అందుకుంటారు.

కథ ఒడ్డుకు చేరింది. ఇసక దులుపుకుని లేవండి.